ఎంత గ్యాసు? ఎంతసేపు?

రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటు, ఐస్ ఫ్యాక్టరీ, మిర్చి కోల్డ్ స్టోరేజీ... చాలాచోట్ల చల్లదనం ఇచ్చేది అమ్మోనియానే. గేటుకు ‘ప్రమాదం’ అని బోర్డు తగిలిస్తే చుట్టుపక్కల ఊళ్లకు తెలిసేదేమిటి? గ్యాసు ఎంత ఉంటే ఎంతసేపట్లో ప్రాణం మీదికి వస్తుందో తెలియాలి.

మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో విషవాయువుల మీద పనిచేసిన జర్మన్ శాస్త్రవేత్త ఫ్రిట్జ్ హేబర్ ఒక లెక్క చెప్పాడు: గాఢతను సమయంతో గుణిస్తే వచ్చేదే హాని. (గాలిలోని నత్రజనితో అమ్మోనియా తయారుచేసే దారి చూపిందీ ఆయనే.) ఆ లెక్కన గ్యాసు రెట్టింపైతే గడువు సగం. 1986లో టెన్ బెర్గే అనే పరిశోధకుడి బృందం జంతు పరీక్షల ఫలితాలను తిరగేస్తే, చాలా వాయువులు ఈ సూత్రానికి లొంగలేదు. అమ్మోనియాకు వాడే లెక్కలో గాఢత వర్గాన్ని సమయంతో గుణిస్తారు. అంటే గ్యాసు రెట్టింపైతే గడువు సగం కాదు, పావే.

అమ్మోనియాకు అమెరికా పెట్టిన అత్యవసర పరిమితులు ఈ లెక్క మీదే నిలిచాయి. గంటసేపు పీల్చిన చిట్టెలుకల్లో మరణాలు మొదలయ్యే గాఢత సుమారు 3,300 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో అన్ని భాగాల గ్యాసు). మనుషుల్లో బలహీనులూ ఉంటారు కనుక దాన్ని మూడుతో భాగించారు. అలా ప్రాణాపాయపు హద్దు గంటకు 1,100 పీపీఎం అయింది. నాలుగు గంటలకైతే 550, పది నిమిషాలకైతే 2,700.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖలోని ఆర్‌.ఆర్‌.వెంకటాపురాన్ని ముంచింది వేరే వాయువు, ఫ్యాక్టరీ నుంచి లీకైన స్టైరీన్. 12 మంది పోయారు, పశువులూ పోయాయి. ఆ ఫ్యాక్టరీలో సైరన్ ఉండీ వాడలేదని ప్రభుత్వ కమిటీ తేల్చింది. గాఢ నిద్రలో ఉన్న మనిషికి, గుంజకు కట్టేసిన గేదెకు ఒక్కో నిమిషం ఎంత ఖరీదో వేరే చెప్పాలా?

ప్రమాదకర కర్మాగారాలు చుట్టుపక్కల జనానికి ముప్పు వివరాలు చెప్పాలని ఫ్యాక్టరీల చట్టంలో 1987లోనే 41బి సెక్షన్ చేర్చారు. ఆ వివరాలు ఫైళ్లలో ఉంటే చాలదు. పది నిమిషాలు, గంట, నాలుగు గంటల హద్దులు తెలుగులో గేటు మీదా, పంచాయతీ ఆఫీసులోనూ రాయించాలి. గ్యాసు కొలిచే మీటరు హద్దు చేరగానే మేనేజరు అనుమతి కోసం ఆగకుండా సైరన్ దానంతటదే మోగాలి. ఏటా మాక్ డ్రిల్ ఒక్కటైనా అర్ధరాత్రి జరపాలి. గాలివాటుకు అడ్డంగా ఎటు వెళ్లాలో, పశువుల పలుపులు ఎవరు విప్పాలో అందులోనే తేలాలి. ఈ మూడింటిపై ప్రతి గ్రామసభా తీర్మానం చేసి కలెక్టరుకు పంపాలి.