దీక్షలో పాఠం ఉంది, పక్క బడి స్నేహితుడు లేడు

నిన్న రాత్రి జీఎస్ పేపర్-2 కోసం విద్యారంగం నోట్స్ తిరగేస్తూ ‘స్కూల్ కాంప్లెక్స్’ దగ్గర ఆగిపోయాను. మీరూ చదివే ఉంటారు. ఒక సెకండరీ పాఠశాల, దాని చుట్టూ 5 నుంచి 10 కిలోమీటర్లలో ఉన్న చిన్న బడులు, అంగన్‌వాడీలు ఒక సముదాయంగా ఏర్పడి టీచర్లను, ల్యాబ్‌ను, లైబ్రరీని పంచుకోవాలంటుంది జాతీయ విద్యా విధానం 2020. కొఠారీ కమిషన్ 1964-66లోనే చెప్పిన ఆలోచన ఇది. మన రెండు రాష్ట్రాల్లో స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలు ఏళ్లుగా జరుగుతున్నాయి. కానీ వాటికి వెళ్లేది టీచర్లు. పిల్లలు కలిసేది ఆటల పోటీల్లోనో, సైన్స్ ఫెయిర్‌లోనో, అదీ ఏడాదికోసారి.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. హైస్కూల్ పిల్లలను పక్క బడుల పిల్లలతో ఆన్‌లైన్‌లో కలిపే ఏర్పాటు లేకుండా డిజిటల్ విద్య మీద ఎంత ఖర్చు పెట్టినా అది వన్‌వే ట్రాఫిక్కే.

ఇలా అనడానికి కారణం ఉంది. నేను పదో తరగతి చదివిన ఏడాది మా జెడ్పీ హైస్కూల్లో ఫిజిక్స్ పోస్టు ఖాళీ. లెక్కల మాస్టారే నెట్టుకొచ్చారు. ఆరు కిలోమీటర్ల అవతల ఊళ్లో మంచి ఫిజిక్స్ మాస్టారు ఉన్నారని అందరికీ తెలుసు. ఆ ఊరి నుంచి మా ఊరికి ట్యూషన్‌కి వచ్చే ఒక కుర్రాడి నోట్స్ జిరాక్స్ తీయించుకుని చదివేవాళ్లం. ఒకసారి నిరోధాల లెక్కలో మాకు వచ్చిన జవాబు, వాళ్ల జవాబు కలవలేదు. చీటీ రాసి పంపాం. రెండు రోజులకు తిరుగు చీటీ వచ్చింది: ‘మీరు సమాంతరంగా కలిపారు, అది శ్రేణి.’ తర్వాత నాలుగేళ్లు ఇంజినీరింగ్‌లో సర్క్యూట్లు చదివాను గానీ, ఆ చీటీ గుర్తున్నంతగా ఏదీ గుర్తులేదు.

2017లో వచ్చిన దీక్షను తక్కువ చేయడం లేదు. పాఠ్యపుస్తకంలో క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే వీడియో వస్తుంది, మంచిదే. అయితే ‘మీరు తప్పు కలిపారు’ అని వీడియో చెప్పదు కదా. మనమే చూడండి, ఎన్ని క్లాసులు విన్నా మన ఆన్సర్‌లో లోపం తెలిసేది టెలిగ్రామ్‌లో ఎవరో ముక్కూమొహం తెలియని తోటి అభ్యర్థి దిద్దినప్పుడే.

కేరళ ఈ దారిలో కొంత నడిచింది. 2009లో మొదలైన స్కూల్‌వికీలో 15,000కు పైగా బడులకు పేజీలున్నాయి. ఊరి చరిత్ర, స్థానిక విశేషాలు బడులే మలయాళంలో రాసుకుంటాయి. 2020 లాక్‌డౌన్‌లో పిల్లల కథలు, కవితలు, వ్యాసాలు వేల సంఖ్యలో అందులోకి వచ్చాయి. పిల్లవాడు అక్కడ చూసేవాడు మాత్రమే కాదు, రాసేవాడు కూడా.

‘నెట్ ఎక్కడుంది?’ అంటారా? నిజమే. యుడైస్ ప్లస్ 2023-24 ప్రకారం ఇంటర్నెట్ ఉన్న బడులు 53.9 శాతమే. ఇంటి ఫోన్ ఉంది కదా అనుకుంటే అక్కడ మరో చిక్కు. అసర్ 2024 గ్రామీణ సర్వేలో 14-16 ఏళ్లవారిలో ఫోన్ వాడటం వచ్చినవాళ్లను తీసుకుంటే, సొంత ఫోన్ ఉన్న అబ్బాయిలు 36.2 శాతం, అమ్మాయిలు 26.9 శాతం. మా చిన్నాన్న కూతురు ఇప్పుడు అదే బడిలో తొమ్మిది చదువుతోంది. ఫోన్ వాళ్ల అన్నది. రాత్రి తొమ్మిది దాటాక గానీ ఆమె చేతికి రాదు. అందుకే ఈ కలయిక ఇంటి ఫోన్ మీద కాకుండా బడి వేళల్లో, బడి కంప్యూటర్ మీద, టైంటేబుల్‌లో ఒక పీరియడ్‌గా జరగాలంటాను.

వాట్సాప్ గ్రూపు పెట్టేస్తే సరిపోతుందనే వాదన నాకు నచ్చదు. పిల్లల నంబర్లు అందరికీ తెలిసిపోతాయి, వేధింపులు మొదలైతే ఆపేవారుండరు. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023 కూడా 18 ఏళ్ల లోపువారి డేటా వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలంటోంది, పిల్లలను లక్ష్యంగా చేసుకునే ప్రకటనలు వద్దంటోంది. ప్రభుత్వ వేదిక, రెండు బడుల నుంచి చెరో టీచర్ పర్యవేక్షణ, ఆ పనికి వాళ్ల బోధన గంటల్లో మినహాయింపు కావాలి. ఈ చివరిదే అన్నిటికన్నా కష్టం. ఇప్పటికే యాప్‌లలో హాజరు, ఫొటోలు ఎక్కించడంతో వాళ్ల పీరియడ్లు హరించుకుపోతున్నాయి.

ఇంకొకటి గమనించండి. 21ఏ అధికరణం 14 ఏళ్ల దగ్గర ఆగిపోతుంది. అంటే తొమ్మిది, పది చదివే చాలామంది పిల్లలు ఆ హక్కు గీతకు అవతలే ఉన్నారు. మెయిన్స్‌లో డిజిటల్ అంతరం మీద ప్రశ్న వస్తే పరికరాల లెక్కలతో ఆపేయకండి, ఈ పాయింట్ కూడా రాయండి. 250 పదాల్లో రాసి పంపండి, దిద్దుతాను. నాదీ మీరు దిద్దాలి మరి.