వైరల్ అయిన బిడ్డే బతకాలా?

కేంద్ర ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రి జె.పి. నడ్డా గారికి బహిరంగ లేఖ

మంత్రి గారూ,

2021లో హైదరాబాద్‌కు చెందిన ఒక మూడేళ్ల బాబు కోసం దేశం నలుమూలల నుంచీ చందాలు వచ్చాయి. బాబుకు ఉన్న జబ్బు స్పైనల్ మస్క్యులర్ అట్రఫీ. వైద్యులు, తల్లిదండ్రులు దాన్ని ఎస్.ఎం.ఎ. అంటారు. ఇది జన్యులోపం వల్ల వచ్చేది. నాడుల నుంచి ఆజ్ఞలు అందక కండరాలు ఒక్కొక్కటే చచ్చుబడతాయి. మెడ నిలవదు, మింగుడు పడదు. జబ్బు తీవ్రమైతే ఊపిరి తీయడానికి కూడా సత్తువ ఉండదు. దీనికి నోవార్టిస్ కంపెనీ తయారుచేసే జన్యుచికిత్స మందు జోల్జెన్‌స్మా ఒక్క డోసు ఖరీదు అప్పట్లో సుమారు 16 కోట్ల రూపాయలు. బాబు వీడియో వాట్సాప్ గ్రూపుల్లో, ఇన్‌స్టాగ్రామ్‌లో తిరిగింది. సినిమావాళ్లు, క్రికెటర్లు నలుగురికీ చెప్పారు. 14 కోట్లకు పైగా పోగైంది. కేంద్రం దిగుమతి సుంకం మాఫీ చేసింది. మందు విదేశం నుంచి వచ్చింది, బాబుకు ఎక్కించారు.

ఇది మేలు కాదని ఎవరూ అనలేరు. ముక్కూ మొహం తెలియని బిడ్డ కోసం ఫోన్ తీసి, ఉన్నంతలో వందో వెయ్యో పంపినవాళ్ల మంచితనాన్ని శంకించడానికి రాస్తున్న లేఖ కాదిది. ఆ మంచితనాన్ని ప్రభుత్వం ఏ పనికి వాడుకుంటోందన్నదే ఇక్కడి ప్రశ్న.

అదే ఏడాది కేరళలో జరిగింది గుర్తు చేసుకోండి. ఏడాదిన్నర బాబుకు ఇదే జబ్బు. అతని అక్కకూ ఇదే జబ్బు. ఈ మందు చిన్న పిల్లలకే ఇస్తారు, ఆ అమ్మాయికి ఆ వయసు ఎప్పుడో దాటిపోయింది. చక్రాల కుర్చీలో కూర్చుని, తను పడ్డ బాధ తమ్ముడు పడకూడదని ఆమె వేడుకున్న వీడియో రాష్ట్రాన్ని కదిలించింది. కావలసింది 18 కోట్లు. వారం తిరక్కుండానే అది నిండింది, మొత్తం 46.78 కోట్లు వచ్చి పడ్డాయి. ఇక చాలు, పంపకండని చెప్పాల్సి వచ్చింది. తమ్ముడికి మందు అందింది. మరుసటి ఏడాది ఆగస్టులో అక్క కన్నుమూసింది.

ఆ బాబుకు చందా పోగైన నెలలోనే, అదే రాష్ట్రంలో, ఆరు నెలల మరో పసివాడు కోజికోడ్ ఆసుపత్రిలో వెంటిలేటర్ మీద ఉన్నాడు. అతని కోసమూ విజ్ఞప్తి వెళ్లింది, జనం స్పందించారు. దాదాపు 16 కోట్లు పోగయ్యాయి. మొత్తం నిండేలోపే ప్రాణం పోయింది. ఒక బిడ్డకు అవసరానికి రెండున్నర రెట్ల సొమ్ము, ఇంకో బిడ్డకు సొమ్ము దాదాపు నిండింది గానీ సమయం లేదు. దాతలది ఇద్దరి పట్లా ఒకే జాలి. ఆ జాలిని వేళకు మందుగా మార్చే యంత్రాంగమే లేదు.

స్థూలంగా ప్రతి పదివేల కాన్పులకు ఒక బిడ్డ ఎస్.ఎం.ఎ.తో పుడుతుంది. మన దేశంలో ఏటా రెండు కోట్లకు పైగా పిల్లలు పుడతారు. అంటే ఏడాదికి కనీసం రెండు వేల మంది. ఒక్కొక్కరికి 16 కోట్ల లెక్కన ఏటా 32 వేల కోట్లు కావాలి. 2025–26లో మీ శాఖ మొత్తం బడ్జెట్టే దాదాపు లక్ష కోట్లు. ఈ లెక్క ముందు పెట్టుకుంటే, ఒక్కో బిడ్డకు ఒక్కో ఉద్యమం నడిపి ఈ జబ్బును గెలవలేమని తేలిపోతుంది. ఏ బిడ్డ వీడియో జనం కంట పడుతుందో, ఏ తండ్రికి ఇంగ్లిషులో రాయగలిగిన స్నేహితుడు ఉంటాడో, ఏ తల్లికి అమెరికాలో స్థిరపడిన బంధువులు ఉంటారో, చివరికి ఎవరు బతకాలన్నది ఆ అదృష్టమే తేలుస్తోంది. ఆదిలాబాద్ జిల్లా మారుమూల ఊళ్లోనో, శ్రీకాకుళం మన్యంలోనో పుట్టిన బిడ్డకు ఆ జబ్బు పేరు తెలిసేసరికే పుణ్యకాలం కాస్తా దాటిపోతుంది.

విజ్ఞప్తులన్నీ వైరల్ అవుతాయనుకోవడం కూడా భ్రమే. అమెరికాలో గోఫండ్‌మీ అనే చందాల వేదిక మీద 2016 నుంచి 2020 వరకు వైద్య ఖర్చుల కోసం పెట్టిన నాలుగు లక్షలకు పైగా విజ్ఞప్తుల్ని పరిశోధకులు పరిశీలించారు. అనుకున్న మొత్తం చేరుకున్నవి 12 శాతం కూడా లేవు. ఒక్క డాలరైనా రానివి 16 శాతం. మనకు కనిపించేది గెలిచిన కథలే. మిగతావి ఎవరూ తెరవని లింకులుగా ఉండిపోతాయి.

మరి వైరల్ చందాల వల్ల నిలకడైన మేలు జరిగిన సందర్భం లేదా? ఉంది. 2014 వేసవిలో ఐస్ బకెట్ ఛాలెంజ్ వచ్చినప్పుడు, నెత్తిన చన్నీళ్లు కుమ్మరించుకుంటే రోగం నయమవుతుందా అని పెదవి విరిచినవాళ్లు చాలామంది. ఎ.ఎల్.ఎస్. అనే నరాల జబ్బు బారిన పడిన బోస్టన్ కాలేజీ మాజీ బేస్‌బాల్ ఆటగాడు పీట్ ఫ్రేట్స్, అదే జబ్బున్న పాట్ క్విన్ దాన్ని ఊరూరా పాకించారు. అమెరికాలోని ఎ.ఎల్.ఎస్. అసోసియేషన్‌కు ఆ వేసవిలో 11.5 కోట్ల డాలర్లు వచ్చాయి. అప్పటి మారకంలో సుమారు 700 కోట్ల రూపాయలు. ఆ డబ్బు ఏ ఒక్కరి చికిత్సకో పోలేదు. మూడింట రెండు వంతులు పరిశోధనకు, ఐదో వంతు రోగుల సేవలకు కేటాయించి, ఆ లెక్కను అసోసియేషన్ జనం ముందు పెట్టింది. పది లక్షల డాలర్లు అందుకున్న ప్రాజెక్ట్ మైన్ పరిశోధకులు, ఈ వ్యాధితో సంబంధమున్న నెక్1 జన్యువును గుర్తించామని 2016లో ప్రకటించారు.

అన్నీ గెలుపులే కాదు. ఆ సొమ్ములో కొంత ఆమిలిక్స్ కంపెనీ మందు పరీక్షలకు వెళ్లింది. 2022లో అమెరికా ఆ మందుకు అనుమతి ఇచ్చింది. 2024లో పెద్ద పరీక్షలో అది పనిచేయలేదని తేలడంతో కంపెనీయే మార్కెట్ నుంచి వెనక్కి తీసుకుంది. పీట్ ఫ్రేట్స్ 2019లో, పాట్ క్విన్ 2020లో కన్నుమూశారు. అయినా ఆ ఛాలెంజ్ దండగ అనడానికి వీల్లేదు. పనికిరాని మందు పనికిరాదని రుజువు కావడానికీ డబ్బు కావాలి. ఒక వేసవి ఉత్సాహాన్ని ఏళ్ల తరబడి నడిచే ప్రయోగశాలల పనిగా మలచగల సంస్థ అక్కడ సిద్ధంగా ఉంది. తేడా అంతా అదే.

ఐస్ బకెట్ ఊపు మీదున్న 2014లోనే హైదరాబాద్ జర్నలిస్టు మంజులత కళానిధి రైస్ బకెట్ ఛాలెంజ్ మొదలుపెట్టారు. నీళ్లు ఒంటి మీద పోసుకోవడం మానేసి, ఒక బకెట్ బియ్యమో అన్నమో ఆకలిగా ఉన్నవాళ్లకు ఇచ్చి ఫొటో పెట్టమన్నారు. చూస్తుండగానే అది దేశమంతా పాకింది. బియ్యం చేతికి అందిన క్షణానే ఆ పూట ఆకలి తీరుతుంది కాబట్టి, మధ్యలో సంస్థ లేకపోయినా ఆ పని చెల్లింది. జన్యుచికిత్స అలా చెల్లదు.

మీ శాఖ 2021 మార్చిలో అరుదైన వ్యాధుల జాతీయ విధానం తెచ్చింది. జీవితాంతం ఖరీదైన మందు వాడాల్సిన రోగులకు అందులో చూపిన ప్రధాన దారి దాతల చందాయే. అందుకో పోర్టల్ కూడా తెరిచారు. విమర్శలు వచ్చాక 2022లో ఒక్కో రోగికి 50 లక్షల వరకు సాయం అన్నారు. 2023లో సొంత వాడకానికి తెప్పించుకునే ఇలాంటి మందుల మీద దిగుమతి సుంకం ఎత్తేశారు. ఇవి మంచి అడుగులే. కానీ ఒక దేశపు ప్రభుత్వం తన విధాన పత్రంలోనే చందాను మందుగా రాసిపెట్టడం మాత్రం బాధ్యతను జనం మీదికి నెట్టడమే.

ఆ 50 లక్షలు ఎన్నాళ్లు వస్తాయో చూడండి. ఎస్.ఎం.ఎ.కు నోటితో తాగించే మందు రిస్డిప్లామ్. రోష్ కంపెనీ సీసా ధర దాదాపు 6.2 లక్షలు. 20 కిలోలు దాటిన రోగికి రోజుకు ఐదు మిల్లీగ్రాముల లెక్కన సీసా పన్నెండు రోజులు వస్తుంది. 50 లక్షలకు ఎనిమిది సీసాలు, అంటే మూడు నెలలు. ఆ తరువాత? హైదరాబాద్‌కు చెందిన నాట్కో ఫార్మా అదే మందు తయారుచేస్తానంటే రోష్ పేటెంటు పేరుతో కోర్టుకెళ్లింది. 2025 అక్టోబరులో ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచ్ నాట్కోను ఆపేందుకు నిరాకరించింది, సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు. నాట్కో సీసా 15,900 రూపాయలకు విడుదల చేసింది. ఇప్పుడు అదే 50 లక్షలు పదేళ్లు వస్తాయి! వెయ్యి వీడియోలు వైరలైనా ధర ఒక్క రూపాయి తగ్గలేదు. న్యాయపోరాటంతో నలభయ్యో వంతుకు దిగింది. ఆ పోరాటం ప్రభుత్వం చేయాల్సింది.

అందుకే, మంత్రి గారూ, అడిగేవి ఆచరణకు అందనివి కావు. అరుదైన వ్యాధులకు జాతీయ నిధి పెట్టమని 2024 అక్టోబరులో ఢిల్లీ హైకోర్టు ఆదేశించింది. ఆ నిధి నిండుగా ఉండాలి. దాతల సొమ్ము అందులోకి వచ్చి, వేణ్నీళ్లకు చన్నీళ్లు తోడైనట్టు సర్కారు డబ్బుకు తోడవ్వాలి. ఒక బిడ్డ పేరున అవసరానికి మించి వచ్చిన చందా, అదే జబ్బుతో ఎదురుచూస్తున్న తరువాతి బిడ్డకు వెళ్లేలా నిబంధన రాయాలి. దాత ఇచ్చిన ప్రతి వందలో చందాల వేదిక ఎంత ఉంచుకుందో, ప్రకటనలకు ఎంత పోయిందో విజ్ఞప్తి పేజీ మీదే కనిపించాలి. పుట్టిన వారంలోనే మడమ నుంచి తీసే రక్తపు చుక్కతో ఈ జబ్బు పట్టుబడుతుంది. ఆ పరీక్ష ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రులన్నిటికీ రావాలి. కండరాలు చచ్చుబడకముందే మందు పడితే వచ్చే ఫలితం వేరు.

హైదరాబాద్ నిమ్స్ మీ శాఖ గుర్తించిన అరుదైన వ్యాధుల కేంద్రాల్లో ఒకటి. అలాంటి ప్రతి కేంద్రంలోనూ ఎందరు పిల్లలు నమోదయ్యారో, ఎందరికి మందు మొదలైందో, ఎందరు ఎన్ని నెలలుగా ఎదురుచూస్తున్నారో, ఏ పేర్లూ బయటపెట్టకుండా, నెలనెలా మీ పోర్టల్ మొదటి పేజీలో పెట్టించండి. ఇప్పటిదాకా ఆ పోర్టల్‌కు దాతల నుంచి ఎంత వచ్చిందో, ఎంత ఖర్చయిందో కూడా ఆ పక్కనే రాయించండి.