పెద్దల చదువును లెక్కించేదెలా?

జనాభా లెక్కలు రాసేవారు గాని, సర్వే ఉద్యోగులు గాని మీ ఇంటికి వచ్చినప్పుడు మీ చదువు సంగతి ఎవరు చెప్పారు? మీరే చెప్పారా? చాలా ఇళ్లలో ఆ సమయానికి ఇంట్లో ఉన్నవారే అందరి తరఫునా జవాబులు చెబుతారు. "కోడలు తొమ్మిదితో మానేసిందండీ" అంటారు అత్తగారు. ఆ కోడలు నిరుడే ఓపెన్ స్కూలు ద్వారా పదవ తరగతి ప్యాసయి ఉండవచ్చు. అత్తగారికి అది తట్టకపోవచ్చు, లేదా ఆమె దానిని చదువు కింద జమకట్టకపోవచ్చు. కాగితం మీద మాత్రం ఆ కోడలి చదువు పెళ్లినాటి దగ్గరే ఆగిపోతుంది.

ఇది చిన్న పొరపాటే కదా అని మీకు అనిపించవచ్చు. కాని మన దేశంలో పనిచేసే వయసువారి చదువును గురించి ప్రభుత్వానికి తెలిసేది ఇలాంటి జవాబుల వల్లనే. ఆ జవాబులను కూడే పద్ధతిలో ఇంతకంటె పెద్ద చిక్కు ఒకటి ఉంది. దానిని ఒక లెక్కతో చూద్దాం. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి.

ఒక ఊరిలో 15 నుంచి 59 ఏళ్ల వయసువారు 100 మంది ఉన్నారనుకోండి. వారిలో 50 మందికి చదవడం, రాయడం వచ్చు. పదేళ్లు గడిచాయి. యాభై దాటినవారు 20 మంది ఈ వయసు గుంపులోంచి బయటికి వెళ్లారు. వారిలో చదువు వచ్చినవారు నలుగురే. బడిపిల్లలుగా ఉన్నవారు 20 మంది పెరిగి గుంపులోకి వచ్చారు. వారిలో 18 మందికి చదువు వచ్చు. ఇప్పుడు లెక్క కట్టండి. 50లోంచి 4 తీసివేసి 18 కలిపితే 64. అక్షరాస్యత 50 శాతం నుంచి 64 శాతానికి పెరిగింది!

కాని మధ్యలో ఉన్న ఆ 80 మందిని చూడండి. మొదట వారిలో 46 మందికి చదువు వచ్చు, 34 మందికి రాదు. పదేళ్ల తరువాతా అంతే. ఒక్కరూ కొత్తగా అక్షరం నేర్చుకోలేదు. ఊరి శాతం పెరిగింది గాని ఊరిలోని పెద్దలు ఎక్కడివారు అక్కడే ఉన్నారు. పెద్దవారు వెళ్లిపోవడం, బడికి వెళ్లిన పిల్లలు పెద్దవారు కావడం, ఈ రెండింటితోనే శాతం దానంతట అదే పెరుగుతూ పోతుంది. వయోజన విద్యాకేంద్రం తలుపులు మూసివేసినా ఆ అంకె ఆగదు. మూసివేసినవారికి అది మంచి సాకు కూడా!

దేశం లెక్కలను కూడా ఈ దృష్టితో చూడవచ్చు. 1991 జనగణనలో ఏడేళ్లు, అంతకు పైబడిన వారిలో అక్షరాస్యులు 52 శాతం. 2011 నాటికి వారు 73 శాతం అయ్యారు. ఇరవై ఏళ్లలో ఇరవయ్యొక్క శాతం పెరగడం గొప్ప సంగతే. అదే కాలంలో చదవను, రాయను రానివారి సంఖ్య సుమారు 33 కోట్ల నుంచి 28 కోట్లకు మాత్రమే తగ్గింది. శాతాన్ని చెప్పి సంఖ్యను చెప్పకపోతే కథలో సగమే చెప్పినట్లు.

మరి పెద్దలు నిజంగా నేర్చుకున్నారో లేదో తెలిసేదెలా? ఒకే కాలంలో పుట్టినవారిని వెంబడించాలి. 1991లో 20 నుంచి 24 ఏళ్ల వయసున్నవారు 2001లో 30 నుంచి 34 ఏళ్లవారు, 2011లో 40 నుంచి 44 ఏళ్లవారు. జనగణన వయసువారీ పట్టికలు ప్రకటిస్తుంది కనుక ఈ మూడు వరుసలను పక్కపక్కన పెట్టి చూడవచ్చు. సర్వేలలో ప్రతిసారీ అదే మనుషులు దొరకరు గాని, అదే కాలంలో పుట్టినవారి నమూనా దొరుకుతుంది. ఇందులోనూ జాగ్రత్త అవసరం. వయసు అడిగితే మనవాళ్లు "నలభై ఉంటాయి లెండి" అంటారు. చదువుకున్నవారు సగటున ఎక్కువకాలం బతుకుతారు కనుక, ఎవరూ కొత్తగా నేర్చుకోకపోయినా ఆ తరం శాతం కొంచెం పెరిగినట్లు కనిపిస్తుంది. ఇన్ని లోపాలున్నా ఊరంతటి సగటు కంటె ఈ లెక్క నిజానికి దగ్గరగా ఉంటుంది. అక్షరాస్యత శాతం ప్రకటించిన ప్రతిసారీ దాని పక్కనే ఈ పట్టికను కూడా అచ్చువేయాలని నేనంటాను.

ఇక అడిగే ప్రశ్న సంగతి. 2017 నుంచి జరుగుతున్న శ్రామికశక్తి సర్వేలో ప్రతి మనిషీ పూర్తిచేసిన అత్యున్నత స్థాయిని రాసుకుంటారు. పూర్తిచేయడం అంటే ప్యాస్ కావడం. పదవ తరగతి చదివి తప్పినవారిని ఎనిమిది వరకు చదివినవారి కిందే రాస్తారు. మీరు అయిదు సబ్జెక్టులలో మూడు ప్యాసయి ఉన్నా ఆ గడిలో మార్పు రాదు. ఈ నియమం అన్యాయమని నేను అనను. దేశమంతటికీ ఒకే కొలబద్ద ఉండాలి కదా. మిగతా రెండూ ప్యాసయిన రోజున మీరు రెగ్యులర్ బడిలో చదివినవారితో సమానంగా సెకండరీ గడిలోకి వస్తారు. ఏ బడిలో చదివారన్నది ఆ గడి అడగదు. బడికే వెళ్లకుండా, అక్షరాస్యతా ఉద్యమంలో చదువు నేర్చినవారికి కూడా ఆ సర్వేలో విడిగా ఒక సంకేత సంఖ్య ఉంది. ఈ సంగతి చాలామందికి తెలియదు. "బడికి పోలేదు" అన్న ఒక్కమాటతో జవాబు ముగించవద్దు. నేర్చిన చదువును కూడా చెప్పండి.

మాట మీద ఆధారపడకుండా పరీక్షించి చూసే సర్వే ఒకటి ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, పై తరగతులు చదవనివారి చేతికి ఒక వాక్యం రాసిన అట్టముక్క ఇచ్చి చదవమంటారు. 2019-21 సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో అక్షరాస్యులు 71.5 శాతం, పురుషులలో 84.4 శాతం. పదేళ్లు గాని, అంతకంటె ఎక్కువగాని బడిలో చదివిన స్త్రీలు 41 శాతమే. మిగిలినవారిలో పనిచేసే వయసు ఇంకా ఎన్నో ఏళ్లు మిగిలి ఉన్నవారు కోట్లలో ఉన్నారు. ఓపెన్ స్కూలు పాఠాలు వారికోసమే. కాని వారిలో ఎవరు ముందుకు వచ్చారో సగటు అంకె చెప్పదు.

2021లో జరగవలసిన జనగణన వాయిదా పడింది. దానికి 2027 మార్చి 1ని గణన తేదీగా ప్రభుత్వం 2025లో ప్రకటించింది. పైన చెప్పుకున్న తరం, అంటే 1991లో 20 నుంచి 24 ఏళ్లున్నవారు, ఆ తేదీ నాటికి 56 నుంచి 60 ఏళ్ల వారవుతారు. 1990ల ప్రారంభంలో 15 నుంచి 35 ఏళ్ల వారి కోసం నడిచిన సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమంలో రాత్రిబడులకు వెళ్లి పలకా బలపం పట్టినవారు వారిలో ఉన్నారు. అప్పుడు నేర్చింది వారికి నిలిచిందా, మరచిపోయారా అన్నది వారు పనిచేసే వయసులో ఉండగా జనగణన చూడగలిగేది ఇక ఈ ఒక్కసారే.