సాగు మనది, పట్టా పరులది

"ఆనాటి ఇంటర్నెట్టే వేరు" అని నడివయస్కులు నేడు నిట్టూర్చుచున్నారు. ఈ నిట్టూర్పున సత్యము లేకపోలేదు. కాని నిట్టూర్పు వలన కార్యము నెరవేరదు. పోయినదేది, తిరిగి రావలసినదేది యను వివేచన మనకావశ్యకము.

1993 ఏప్రిల్ 30వ తేదీన సెర్న్ అను ఐరోపా పరిశోధనాసంస్థ, టిమ్ బెర్నర్స్-లీ నిర్మించిన వెబ్బును రుసుము లేకుండ సర్వజనులకు ధారపోసెను. మన దేశమున 1995 ఆగష్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ సామాన్యులకు ఇంటర్నెట్టు ద్వారమును తెరచెను. ఆనాడు టెలిఫోను తీగపై నత్తనడక, ఖర్చు భారము, ఒకరు వ్రాసిన తెలుగు మరియొకరి తెరపై పిచ్చిగీతలు. ఆ కష్టములను మరల కోరువారెవ్వరు? నేడు పల్లెలోని అవ్వ సముద్రముల కావలి మనుమని మోము చూచి మాటాడుచున్నది. ఆ మేలును మేము కాదనము.

అయినను మూల్యమెంత? ఫేస్‌బుక్కు, ఇన్‌స్టాగ్రాము, వాట్సాపు మూడును మెటా యను ఒక్క కంపెనీ సొత్తు. ఫేస్‌బుక్కున వ్రాయువారము మనము, చదువువారము మనము. ఏది ముందు కనబడవలెనో, ఏది అడుగున పడవలెనో నిర్ణయించునది కంపెనీ. ప్రకటనల రాబడియు దానిదే. జమీందారీలను రద్దుచేసిన దేశమున ఈ నూతన జమీందారుకు మనమే శిస్తు చెల్లించుచున్నాము!

పూర్వకాలమును పొగడువారును ఒకటి మరువరాదు. జియోసిటీస్ 2009లోను, మనవారు మోజుపడిన ఆర్కుట్ 2014లోను యజమానుల యిచ్ఛచే మూతపడినవి. పరుల నేలపై కట్టిన యిల్లు ఏనాడైనను పరులదే. కావున లోపము కాలమున లేదు, హక్కున కలదు.

ఈమెయిలును చూడుడు. ఒక కంపెనీవద్ద పెట్టె గలవాడు వేరొక కంపెనీ పెట్టెకు నిరాటంకముగ ఉత్తరము పంపుచున్నాడు. 2011 జనవరి 20 నుండి మన దేశమంతట నంబరు మారకుండ మొబైలు కంపెనీని మార్చుకొను హక్కు అమలులోనికి వచ్చెను. కంపెనీలు కూలిపోలేదు, వాడుకదారు స్వతంత్రుడయ్యెను. ఐరోపా సమాఖ్య 2022లో చేసిన చట్టముచే, ప్రధాన సందేశసేవలు ఇతరసేవలు కోరినచో వానితో కలసి పనిచేయవలసియున్నది.

మన స్నేహితులను, వ్రాతలను వెంటగొని వెడలిపోవు హక్కును మనకును చట్టము ప్రసాదింపవలెను. వెడలుటకు దారిలేని యిల్లు, ఎంత సుందరమైనను, చెరసాలయే. గతమునకై కన్నీరు చాలును. ఈ హక్కునకై గొంతెత్తుడు.