అయిదో గుండు ఏం చెబుతోంది?

పాయింట్ టూటూ (.22) రైఫిల్‌ను పరీక్షించి చూసుకునే చోట ఒక దృశ్యం తరచూ కనిపిస్తుంది. కాగితం టార్గెట్ మీద అయిదు రంధ్రాలుంటాయి. నాలుగు ఒకదాన్నొకటి అంటుకుని ఉంటే, అయిదోది పక్కకు జరిగి ఒంటరిగా ఉంటుంది. షూటర్లు ఆ నాలుగింటి చుట్టూ పెన్నుతో గీత గీసి, ఇదీ మా రైఫిల్ సత్తా అనుకుంటారు. అయిదోదానికి ‘ఫ్లయర్’ అని పేరు పెట్టి లెక్కలోంచి తీసేస్తారు. ఈ రైఫిల్‌తో గురి మెరుగుపడాలంటే అన్నిటికంటే ముందు మానుకోవలసింది ఆ అలవాటేనన్నది నా వాదన. కొత్త బారెల్, ఖరీదైన తూటాలు, కొత్త స్టాక్, ఇవన్నీ దాని తర్వాతి మాటలు. వెళ్లిన ప్రతి గుండునూ నిజాయితీగా లెక్కలో ఉంచుకోని వాళ్లకు ఏ మార్పు పనిచేసిందో, ఏది చేయలేదో తెలిసే దారే ఉండదు.

ఆ అయిదో గుండు ఎందుకు పక్కకు వెళ్లిందో అర్థం కావాలంటే ముందు తూటా సంగతి తెలియాలి. పెద్ద రైఫిళ్ల తూటాకు అడుగున సరిగ్గా నడిమధ్య ప్రైమర్ అనే చిన్న మూత ఉంటుంది. పాయింట్ టూటూ తూటాకు అది ఉండదు. నిప్పు రగిలించే మిశ్రమాన్ని తడిగా ఉన్నప్పుడే ఇత్తడి గొట్టంలో వేసి, గిర్రున తిప్పి, అడుగు అంచులోకి పరుస్తారు. పిన్ను ఆ అంచును ఒకచోట నలిపితే తూటా పేలుతుంది. రిమ్‌ఫైర్ అన్న పేరు అందుకే వచ్చింది. మిశ్రమం అంచు చుట్టూ ఒకే మందాన పరుచుకుంటే మంట ప్రతిసారీ ఒకేలా పుడుతుంది, లేకపోతే తేడా వస్తుంది. లోపల ఉండే మందుగుండు గ్రాములో పదో వంతుకు లోపే కాబట్టి రవ్వంత తేడా కూడా గుండు వేగంలో కనిపిస్తుంది. పెద్ద రైఫిల్ వాళ్లలా ఖాళీ గొట్టంలో తామే మందు తూచి నింపుకుందామంటే ఇక్కడ ఆ వీలూ లేదు. ఫ్యాక్టరీ పెట్టెలో ఏది పెట్టిందో అదే కాల్చాలి.

వేగంలో తేడా వస్తే ఏమవుతుందో లెక్క కట్టి చూడవచ్చు. మ్యాచ్ తూటా గుండు సెకనుకు సుమారు 330 మీటర్ల వేగంతో బయలుదేరి, 50 మీటర్ల దూరాన్ని సెకనులో ఆరో వంతు కంటే కాస్త తక్కువ కాలంలో దాటుతుంది. ఆ లోపు భూమి ఆకర్షణ దాన్ని దాదాపు 12 సెంటీమీటర్లు కిందికి లాగుతుంది. వేగం సెకనుకు 10 మీటర్లు తగ్గితే ఆ పతనం ఇంకో 7 మి.మీ. పైచిలుకు పెరుగుతుంది. 50 మీటర్ల రైఫిల్ టార్గెట్‌లో పది పాయింట్ల వలయం వ్యాసమే 10.4 మి.మీ. షూటర్ ఏ తప్పూ చేయకపోయినా తూటాలోని తేడా ఒక్కటే గుండును పది అంచుదాకా నెట్టగలదన్నమాట. వేగం ఎక్కువున్న తూటా కొంటే సరిపోతుందనుకోవడం మరో పొరపాటు. ధ్వని వేగాన్ని మించి బయలుదేరిన గుండు దారిలో ఆ హద్దు కిందికి దిగేటప్పుడు కుదుపుకు లోనవుతుంది, పక్క గాలికి కూడా నెమ్మది గుండు కంటే ఎక్కువే కొట్టుకుపోతుంది. పోటీల తూటాలను ధ్వని వేగానికి లోబడి తయారు చేసేది అందుకే. ఆ గాలి సంగతి చూస్తే, అడ్డంగా సెకనుకు ఒక మీటరు వేగంతో వీచినా, అంటే ముఖానికి తగిలీ తగలనట్టున్నా, గుండు అయిదారు మి.మీ. పక్కకు జరుగుతుంది. వీటికి మనిషి చేసే తప్పులు తోడవుతాయి. పిన్ను కొట్టాక కూడా గుండు బారెల్‌లో సెకనులో రెండు మూడు వేల వంతుల కాలం ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కగానే తల ఎత్తే వాళ్ల కదలిక ఆ కొద్ది క్షణంలోనే గుండును చేరుతుంది.

తూటా, గాలి, మనిషి. ఈ మూడూ కలిసి వేసిన రంధ్రం ఒక్కటే. ఏది ఎంత చెడగొట్టిందో ఆ ఒక్క రంధ్రాన్ని చూసి చెప్పలేం, అయిదు రంధ్రాలు చూసినా చెప్పలేం. సగటున 10 మి.మీ. గ్రూప్ ఇచ్చే, అంటే అయిదు గుండ్లలో అన్నిటికంటే దూరంగా పడిన రెండు రంధ్రాల మధ్య సగటున అంత ఎడం ఉండే రైఫిల్‌ను తీసుకుందాం. రైఫిల్ మారకుండా, తూటా మారకుండా అయిదేసి గుండ్లు కాల్చుకుంటూ పోతే ఒక గ్రూప్ 6 మి.మీ. రావడం, ఇంకోటి 15 మి.మీ. రావడం పూర్తిగా సహజం. అది సంభావ్యత సిద్ధాంతం చెప్పే మామూలు విషయం. అదే రైఫిల్‌తో పది గుండ్ల గ్రూప్ తీస్తే సగటే 12 మి.మీ. దాటుతుంది. రైఫిల్ చెడిపోయి కాదు, గుండ్లు పెరిగేకొద్దీ దూరంగా పడేవాటికి అవకాశం పెరిగి. ఇప్పుడు ఒక షూటర్ పది రకాల తూటాలు తెచ్చి, ఒక్కో రకంతో ఒక్కో అయిదు గుండ్ల గ్రూప్ తీశారనుకోండి. ఆ పదీ నిజానికి ఒకదానికొకటి ఏ తేడా లేనివే అయినా, వాటిలో అతి చిన్న గ్రూప్ 6 మి.మీ. దగ్గర, అతి పెద్దది 14, 15 మి.మీ. దగ్గర వస్తాయి. మొదటిదే నా రైఫిల్‌కు నప్పిన తూటా అని తీర్మానించుకుని డబ్బు పెట్టి కొంటే, కొన్నది కాకతాళీయాన్ని. ఇక అయిదింటిలో చెడ్డదాన్ని ‘ఫ్లయర్’ అని తీసేస్తే మిగిలేది లెక్క కూడా కాదు, ఆశ. ఇరవై, ముప్పై గుండ్లు కాల్చి, ప్రతి రంధ్రం మధ్య బిందువుకు ఎంత దూరంలో ఉందో కొలిచి సగటు తీస్తే గాని అంచనా పది శాతం తేడాకు దిగదు. ఇలా సగటు తీయడంలో ఇంకో మేలుంది. గ్రూప్ వెడల్పు కొలిచినప్పుడు దూరంగా ఉన్న రెండు రంధ్రాలే మాట్లాడతాయి. సగటు దూరంలో అన్ని రంధ్రాలూ మాట్లాడతాయి.

తూటా ఎంపికకు విలువే లేదని దీని అర్థం కాదు. ఈలీ, లాపువా, ఆర్‌డబ్ల్యూఎస్ వంటి కంపెనీల మేలిరకం తూటాల్లోనూ ఒక లాట్‌కూ (ఒకే విడతలో తయారైన తూటాలకూ) మరో లాట్‌కూ తేడా ఉంటుంది. ఒక బారెల్‌కు బాగా నప్పిన లాట్ పక్క రైఫిల్‌లో మామూలుగా ఉండవచ్చు. బారెల్ అదిరే తీరు దానికి ఒక కారణం. నెమ్మదిగా వెళ్లే గుండు బారెల్ కొస కాస్త పైకి లేచే క్షణంలో బయటపడితే వేగంలోని లోటు కొంత పూడుకుంటుంది. ఆ పొంతన కుదిరే లాట్ ఏదో ముందుగా ఎవరూ చెప్పలేరు, కాల్చి చూడాల్సిందే. ప్రపంచస్థాయి షూటర్లు రైఫిళ్లు పట్టుకుని ఫ్యాక్టరీల పరీక్ష సొరంగాలకు వెళ్లేది ఇందుకే. అక్కడ రైఫిల్‌ను యంత్రానికి బిగిస్తారు కాబట్టి మనిషి తప్పు ఉండదు. గాలీ ఉండదు. పది గుండ్ల గ్రూపులు తీసి ఒకదాని మీద ఒకటి పేర్చి చూస్తారు. అక్కడ దూరంగా పడిన గుండును ఎవరూ తీసేయరు. లాట్‌ను పక్కన పెట్టించేది ఆ గుండే.

పరికరాలకు అంత బలముంటే షూటర్ గురి గురించి ఇంత చర్చ ఎందుకని అడగవచ్చు. అమెరికా షూటర్ మాట్ ఎమన్స్ కథలో ఆ ప్రశ్నకు కొంత జవాబుంది. 2004లో ఒలింపిక్స్ ఎంపిక పోటీలకు ముందు ఎవరో ఆయన రైఫిల్‌ను పాడుచేశారు. తోటి షూటర్ దగ్గర అరువు తెచ్చుకున్న రైఫిల్‌తోనే ఆయన ఏథెన్స్‌లో 50 మీటర్ల ప్రోన్ (బోర్లా పడుకుని కాల్చే) పోటీలో స్వర్ణం గెలిచారు. అరువు రైఫిల్ మంచిదే కావచ్చు, కానీ చేతికి అలవాటైన ఆయుధమే ప్రాణమన్న నమ్మకం ఆ రోజు నిలబడలేదు. ఆడలేక మద్దెల ఓడన్నారని సామెత. షూటింగ్‌లో కొన్నిసార్లు మద్దెల నిజంగానే ఓడుగా ఉంటుంది, కొన్నిసార్లు ఆడేవాళ్లకే తాళం తప్పుతుంది. రెంటినీ విడదీసేది రికార్డు ఒక్కటే. అదే ఎమన్స్ 2008 బీజింగ్‌లో మూడు భంగిమల ఫైనల్‌లో ఆఖరి షాట్ ముందు స్పష్టమైన ఆధిక్యంలో ఉన్నారు. అనుకున్నదానికంటే ముందే ట్రిగ్గర్ తెగి గుండు వెళ్లిపోయింది. వచ్చిన స్కోరు 4.4, దక్కిన స్థానం నాలుగు. ఆ ఒక్క గుండును లెక్కలోంచి తీసేయమని అడిగే హక్కు పోటీలో ఎవరికీ లేదు. పోటీలో తీసేయలేనిదాన్ని సాధనలో తీసేయడం మనల్ని మనం తప్పుదారి పట్టించుకోవడమే. ఆయన 2012 లండన్‌లో అదే మూడు భంగిమల్లో కాంస్యం తెచ్చుకున్నారు. ఆ లండన్‌లోనే బెలారస్ షూటర్ సెర్గీ మార్తినోవ్ ప్రోన్ అర్హత పోటీలో అరవైకి అరవై పదులు కొట్టి 600 సాధించారు. అరవై గుండ్లలో ఒక్కటీ ‘ఫ్లయర్’ కాకపోవడమే ఆ అంకెకు అర్థం. మన జయదీప్ కర్మాకర్ ఆ పోటీలో నాలుగో స్థానంలో ఆగారు. కాంస్యానికీ ఆయనకూ మధ్య తేడా 1.9 పాయింట్లు.

అనుభవమున్న షూటర్లు ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం చెబుతారు. ట్రిగ్గర్ తెగిన క్షణంలో గురి ఎక్కడుందో మాకు తెలుస్తుంది, చెడగొట్టామని తెలిసిన షాట్‌ను తూటా ఖాతాలో ఎందుకు వేయాలి అంటారు. వేయనక్కర్లేదు. కానీ దానికో షరతుంది. షాట్ ఎటు వెళ్లి ఉంటుందో మానిటర్ వైపు, స్కోప్ వైపు చూడకముందే పుస్తకంలో రాయాలి. రంధ్రం చూశాక ‘నాకు ముందే తెలుసు’ అనడం జ్ఞాపకం చేసే మాయ. ముందుగా రాసిన అంచనాకూ, రంధ్రం ఉన్న చోటుకూ పొంతన కుదిరితే తప్పు మనిషిది. కుదరకపోతే గాలినో తూటానో అనుమానించాలి. యాభై షాట్లు ఇలా రాసుకున్న పుస్తకం కొత్త బారెల్ కంటే ఎక్కువ విషయం చెబుతుంది. శరీరం పెట్టిన తీరు కూడా అందులో బయటపడుతుంది. ప్రోన్‌లో స్లింగ్ పట్టీ బిగించి, కళ్లు మూసుకుని, ఊపిరి వదిలి, కండరాలు సడలించి కళ్లు తెరిస్తే సైట్ టార్గెట్ మీదే ఉండాలి. లేకపోతే రైఫిల్‌ను చేత్తో నెట్టకూడదు, మొత్తం శరీరాన్ని జరుపుకోవాలి. ఆ ఓపిక లేనివాళ్ల గుండ్లు కండరం అలసిన కొద్దీ ఒకే వైపు జారుతుంటాయి. ఆ జారుడు అయిదు గుండ్లలో కనిపించదు, నలభైలో కనిపిస్తుంది.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం ఖర్చు. మన దేశంలో మేలిరకం మ్యాచ్ తూటాలు దిగుమతి చేసుకోవలసిందే. మధ్యతరగతి పిల్లలు ముప్పై గుండ్లు పరీక్షకే తగలేయగలరా? ఇది తేలిగ్గా కొట్టిపారేయదగ్గ మాట కాదు. 2024 పారిస్‌లో మూడు భంగిమల పోటీలో 451.4తో కాంస్యం గెలిచిన స్వప్నిల్ కుసాలే కొల్హాపూర్ ప్రాంతపు పల్లెనుంచి వచ్చిన రైల్వే ఉద్యోగి. 50 మీటర్ల రైఫిల్‌లో మన దేశానికి అదే తొలి ఒలింపిక్ పతకం. డబ్బు విలువ తెలిసిన ఇళ్లనుంచే ఈ ఆటకు పిల్లలు వస్తున్నారు. అందుకే అంటున్నాను, కొరతగా ఉన్న తూటాను కాల్చి ఫలితాన్ని పారేయడమే అసలు దుబారా. ముప్పై గుండ్లు ఒకేసారి కాల్చనక్కర్లేదు. ఆరు రోజులు అయిదేసి చొప్పున, గురి బిందువు మార్చకుండా, ఒక్కో కాగితం మీద ఒక్కో గ్రూప్ తీసి, ఆ ఆరు కాగితాలనూ దాచి ఒకదాని మీద ఒకటి పెట్టి వెలుతురుకు ఎత్తి చూస్తే చాలు. మనిషి తప్పును సరిదిద్దుకోవడానికైతే తూటాయే అక్కర్లేదు. తూటా లేకుండా ట్రిగ్గర్ సాధన చేసేవాళ్లు ట్రిగ్గర్ తెగే క్షణంలో సైట్ కదిలిందో లేదో కళ్లతోనే చూసుకోవచ్చు. రిమ్‌ఫైర్‌లో తూటా లేని ఛాంబర్‌లో పిన్ను కొడితే ఛాంబర్ అంచు దెబ్బతినే ప్రమాదం ఉంటుంది కాబట్టి తయారీదారు ఇచ్చిన ఏర్పాటునో, డమ్మీ తూటానో వాడాలి. ఆయుధం ఖాళీగా ఉందని ప్రతిసారీ రెండుసార్లు చూసుకోవాలి.

అంకెల మీద ఇంత పట్టుపడితే ఆట యాంత్రికమై, షూటర్‌కు ఆందోళన పెరుగుతుందన్న భయమూ ఉంది. పోటీ మధ్యలో సగటులు లెక్కపెట్టుకునే వాళ్లకు అది నిజమే. ఆ పని సాధన రోజుది. పుస్తకంలో తన తూటా ఎంత చెల్లాచెదురు చేస్తుందో ముందే రాసి ఉంచుకున్న షూటర్ పోటీలో ఒక 9.8 చూసి కంగారుపడి సైట్ తిప్పరు, అది మామూలు చెదురులో భాగమని వాళ్లకు తెలుసు. చెదురు ఎంతో తెలియని వాళ్లు ప్రతి షాట్‌కూ రెండు క్లిక్‌లు తిప్పుతారు, సరిగ్గా ఉన్నదాన్ని చెడగొట్టుకుంటారు.

మన రెండు తెలుగు రాష్ట్రాల్లో షూటింగ్ అంటే ముందు గుర్తొచ్చేది పది మీటర్ల ఎయిర్ రైఫిల్. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ లండన్‌లో తెచ్చిన కాంస్యం దానిలోదే. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో ఆయన 50 మీటర్ల ప్రోన్‌లోనూ రజతం గెలిచిన సంగతి తక్కువమందికి గుర్తుంది. అయితే పాయింట్ టూటూ మనకు కొత్తదేమీ కాదు. ఎన్‌సీసీలో చేరిన మన కాలేజీ పిల్లలు చాలామంది జీవితంలో మొదట పేల్చేది అదే రైఫిల్. 25 గజాల దూరంలో, పడుకుని, అయిదు తూటాలు. వాళ్లకు నేర్పే మొదటి పాఠం పేరే గ్రూపింగ్. ఆ కాగితాన్ని కొలిచి, మార్కు వేసి, పక్కన పడేయడం కాకుండా ప్రతి క్యాడెట్ పేరుతో దాచి, ఏడాది చివర అన్నిటినీ పేర్చి చూపించే పద్ధతి పెడితే అదనంగా ఒక్క తూటా కూడా ఖర్చు కాదు. ఆ కాగితాలు పేర్చిన రోజు అయిదో గుండు ఎప్పుడూ కుడి కిందికే పోతోందని ఒక అమ్మాయి గమనిస్తే, ట్రిగ్గర్ మీద వేలు ఎక్కడుందో చూసుకోవాలని తనకే తడుతుంది.