కుట్టుమిషన్ ఇచ్చి చేతులు దులుపుకుంటే చాలదు

కమలాపురం బజారులో అమ్ముడుపోయే బనియన్లు, టీషర్టులు, పిల్లల నిక్కర్లలో అధికభాగం తిరుప్పూరు సరుకే. వీధి వీధినా కుట్టుపని తెలిసిన ముస్లిం మహిళలున్న మన ఊరిలో ఒక్క బనియన్ కూడా తయారు కాదు. ఇది విధి వల్ల కలిగినది కాదనీ, ప్రణాళిక లేనందువల్ల కలిగినదనీ మేము భావిస్తున్నాము.

తిరుప్పూరు చరిత్రలో మనవారు తెలుసుకోవలసిన సంగతి ఒకటున్నది. అక్కడి తొలి అల్లిక కర్మాగారం ‘బేబీ నిట్టింగ్’ను 1925లో స్థాపించినది గులాం ఖాదర్ అనే ముస్లిం. నేటికీ ఆ పట్టణంలో బనియన్ల టోకు వ్యాపారానికి పేరుపడ్డ పేట ఖాదర్‌పేట. పరిశ్రమలు పెట్టడం మనవల్ల అయ్యే పని కాదని నిట్టూర్చే పెద్దలు ఈ మాట కాస్త గుర్తుంచుకుంటే మేలు. తరువాతి దశాబ్దాలలో పొలాలు విడిచి వచ్చి, ఆ షెడ్లలో కూలీలుగా చేరి, క్రమేణా యజమానులైన గౌండర్లు అనేకులు. అది సాధ్యమవడానికి కారణం పని విభజన. నూలు ఒకరిది, అల్లిక మరొకరిది, అద్దకం ఇంకొకరిది. కత్తిరింపు, కుట్టు, ఇస్త్రీ, ప్యాకింగు వేర్వేరు చేతులలో. నాలుగు మిషన్లున్నవాడు కూడా జాబ్‌వర్కు తీసుకొని నిలదొక్కుకోగలడు.

మన ప్రాంతంలో జరుగుతున్నదేమిటి? మైనారిటీ మహిళల స్వయం ఉపాధి అనగానే కుట్టుమిషన్ల పంపిణీ. ఫోటో, సంతకం, అంతటితో సరి. ఆ మిషన్ మామూలు నేతబట్టకు పనికివచ్చేది. నేతబట్టలో పడుగు, పేక ఉంటాయి. బనియన్ గుడ్డ నూలును ఉచ్చులు ఉచ్చులుగా అల్లినది, లాగితే సాగుతుంది. మామూలు మిషన్‌పై వేసిన కుట్టు, గుడ్డ సాగగానే పుటుక్కున తెగుతుంది. పక్కలు కలపడానికి ఓవర్‌లాక్ మిషన్, మెడపట్టీకీ అడుగు మడతకూ ఫ్లాట్‌లాక్ మిషన్ కావాలి. వాటి ధర కొన్ని రెట్లు ఎక్కువ. ఒక్కొక్క ఇంటికి ఒక్కొక్కటి ఇవ్వడం అసాధ్యం, అనవసరం కూడా. ప్రభుత్వ కొలువులో ఏళ్లతరబడి కాగితాలు చూసిన మాకు తెలిసినంతలో, మిషన్ అందజేసినట్లు రశీదు చేరగానే ఫైలు ముగుస్తుంది. ఏడాది తరువాత ఆమె ఎంత సంపాదిస్తున్నదో రాయడానికి ఆ నమూనాలో గడి ఉండదు.

ముస్లిం మహిళా శ్రామికులు ఇంటి వద్ద చేసే పనులలోనే అధికంగా ఉన్నారనీ, బ్యాంకు రుణాలలో ముస్లింల వాటా తగినంత లేదనీ సచార్ కమిటీ 2006లోనే చెప్పింది. 2007 చట్టంతో వచ్చిన 4 శాతం రిజర్వేషన్ చదువుకూ కొలువుకూ అక్కరకు వచ్చింది; గుమ్మం లోపల కూర్చొని రవికలు కుట్టే స్త్రీకి అది చేరదు. దూది ఏకి, పరుపులు, దిండ్లు కుట్టి బతికిన నూర్‌బాషా కుటుంబాల గతి మరీ దయనీయం. యంత్రాలు, ఫోం పరుపులు వచ్చి ఆ వృత్తిని మింగివేశాయి. పత్తితో తరతరాల పరిచయమున్న ఆ చేతులకు మరో పని చూపినవారు అరుదు.

తిరుప్పూరును ఉన్నదున్నట్లు ఇక్కడికి తెచ్చుకోమని మేము అనడం లేదు. అద్దకం మనకు వద్దు. ఆ రసాయనపు నీటితో నొయ్యల్ నది పాడైపోగా, 2011లో మద్రాసు హైకోర్టు అద్దకం యూనిట్లను మూసివేయించవలసి వచ్చింది. పాపాఘ్ని, పెన్నలలో నీరు పారే రోజులే తక్కువైన ఈ కరవుసీమలో ఆ పాపం మూటగట్టుకోరాదు. అద్దిన గుడ్డను తెప్పించుకొని, కత్తిరించి, కుట్టే పని చాలు. ఎగుమతుల ఆశ కూడా ఇప్పుడే వద్దు. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి చేరగానే తిరుప్పూరు ఎగుమతిదారులంతటివారే తల్లడిల్లారు. ముందు కమలాపురం, ఎర్రగుంట్ల, ప్రొద్దుటూరు దుకాణాలకు సరుకు ఇవ్వగలిగితే అదే పదివేలు.

ఇందుకు కావలసినది 20 మిషన్లు పట్టే ఉమ్మడి షెడ్డు, కరెంటు, కటింగు తెలిసిన ఒక మాస్టరు, తొలి ఆరునెలలకు నూలుగుడ్డ కొనుగోలుకు రుణం. మైనారిటీ ఆర్థిక సంస్థ విడివిడిగా పంచే సొమ్మును మహిళా సంఘం పేరిట ఒకచోట చేర్చితే ఇది అందని పండేమీ కాదు. షాదీఖానాలున్న ఊళ్లలో వాటి ఆవరణలో ఒక గది కేటాయించినా పని మొదలవుతుంది. నికాహ్‌లు లేని నెలలలో ఆ భవనాలు ఎలాగూ తాళాలతోనే ఉంటాయి.

ఆడపిల్లలను షెడ్డుకు పంపరాదనే పెద్దలతో ఒక మాట. మసక వెలుతురులో కళ్లు పోగొట్టుకుంటూ, మధ్యవర్తి ఇచ్చిన పైసలకు తలవంచి ఇంట్లో కుట్టే పిల్ల పరువు ఏ విధంగా నిలుస్తున్నదో వారే చెప్పాలి. షెడ్డులో హాజరుపట్టీ ఉంటుంది, లెక్క ఉంటుంది, అడగడానికి పక్కన నలుగురుంటారు.

ఇక మా నియోజకవర్గంలోనే ఉన్న కొప్పర్తి. 2023 మార్చిలో కేంద్రం ప్రకటించిన ఏడు పీఎం మిత్ర జౌళి పార్కులలో ఆంధ్రప్రదేశ్‌కు ఒక్కటీ దక్కలేదు. 2024 ఆగస్టులో ఆమోదం పొందిన 12 పారిశ్రామిక నగరాలలో మాత్రం కొప్పర్తి ఉన్నది. అక్కడ దుస్తుల యూనిట్లకు స్థలమిచ్చేటప్పుడు పరిసర మండలాల ముస్లిం, నూర్‌బాషా మహిళలకు శిక్షణ, పి.ఎఫ్., ఇ.ఎస్.ఐ.తో కూడిన ఉద్యోగం ఒప్పందంలోనే షరతుగా రాయించాలని మా ప్రజాప్రతినిధులను కోరుతున్నాము. ఆ షరతులలోనే మరొకటి కూడా చేర్చాలి: ఉదయం కమలాపురం నుంచి బయలుదేరి, మగ్రిబ్ అజాన్ లోపు వారిని తిరిగి ఇల్లు చేర్చే బస్సు.