ప్లస్ ఆర్ మైనస్ ఎక్కడికి పోయింది?

2025 మే మొదటి వారంలో అమ్మమ్మ ఫోన్ చేసింది. "బిడ్డా, రష్యావోళ్ళది ఏదో ఆకాశం నుంచి పడ్తదంట గద, మీ హాస్టల్ మీద పడ్తదా?" నేను నవ్వేశాను. ఆవిడ నవ్వలేదు. 1979లో స్కైలాబ్ పడబోతోందని, ఎలాగూ చస్తాం కదా అని ఊళ్ళో కోళ్ళూ మేకలూ కోసుకు తిన్న రోజులు ఆవిడకి బాగా గుర్తు. జులై 11న దాని ముక్కలు ఆస్ట్రేలియాలో పడ్డాయి. కోళ్ళు మాత్రం తిరిగి రాలేదు.

ఈసారి పడబోయేది కాస్మోస్ 482. 1972 మార్చి 31న శుక్రగ్రహానికని బయల్దేరి, రాకెట్ చివరి దశ మధ్యలోనే ఆగిపోవడంతో భూమి చుట్టూ 53 ఏళ్ళు తిరిగింది. మిగిలింది మీటరు వెడల్పున్న, అర టన్ను బరువున్న గోళం. శుక్రుడి వాతావరణాన్ని తట్టుకునేలా కట్టింది కాబట్టి మన గాలిలో కాలిపోకపోవచ్చు. వార్త అంటే ఇదే, నిజంగానే పెద్ద వార్త.

దీన్ని ఏళ్ళ తరబడి వెంటాడినవాళ్ళలో నెదర్లాండ్స్ ఆయన మార్కో లాంగ్‌బ్రూక్ ఒకరు. చదివింది ఆర్కియాలజీ! ఇప్పుడు డెల్ఫ్ట్ యూనివర్సిటీలో పాఠాలు చెప్తున్నారు గానీ, మొదలుపెట్టింది హాబీగానే. ఆయన రాసిన ప్రతి అంచనాలో తేదీ పక్కనే "ఇన్ని రోజులు అటూ ఇటూ" అని ఉంటుంది. అదే అంచనా టీవీ దాకా వచ్చేసరికి తేదీ మిగిలింది, అటూ ఇటూ పోయింది. దాని బదులు ఎర్రటి బాణం, మంటల గ్రాఫిక్స్, "మన నగరాలకు ముప్పు?" అనే ప్రశ్నార్థకం వచ్చాయి.

ఆ ప్లస్ ఆర్ మైనస్ మొహమాటానికి పెట్టింది కాదు. సూర్యుడు కాస్త చురుగ్గా ఉంటే పైన గాలి ఉబ్బుతుంది, ఉపగ్రహం ముందే పడుతుంది. లెక్కలో గంట తేడా వస్తే నేల మీద దాదాపు 28 వేల కిలోమీటర్ల తేడా. రెండు రోజుల ముందు ఊరి పేరు చెప్పడం జాతకం చెప్పడమే.

మా రూమ్మేట్ అంటాడు, "అదంతా చెప్తే ఎవడు చూస్తాడ్రా?" నేను ఒప్పుకోను. తుఫాను వస్తే మచిలీపట్నానికీ కాకినాడకీ మధ్య ఎక్కడైనా తీరం దాటొచ్చు అంటారు. మధ్యలో ఉన్న ప్రతి ఊరివాళ్ళకీ ఆ మాట అర్థమవుతుంది, పడవలు ఒడ్డుకి లాక్కుంటారు. జనానికి అర్థం కాదన్నది చెప్పే ఓపిక లేనివాళ్ళ మాట.

హాబీ వాళ్ళంటే చిన్నచూపు ఉన్నవాళ్ళకి ఒక్క సంగతి. 1966లో ఇంగ్లండ్‌లోని కెట్టరింగ్ అనే ఊళ్ళో ఫిజిక్స్ మాస్టారు జెఫ్రీ పెర్రీ, ఆయన స్టూడెంట్లు మామూలు రేడియో రిసీవర్‌తో ఉపగ్రహాల సిగ్నళ్ళు విని, సోవియట్లు దాచిన ప్లెసెట్స్క్ రాకెట్ కేంద్రం ఉందని కనిపెట్టారు. స్కూలు పిల్లలు! మేము ల్యాబ్‌లో వైఫై రాలేదని కూర్చుంటాం.

మే 10న అది పడింది. రష్యా లెక్క ప్రకారం మన టైమ్ ఉదయం 11:54కి, మిడిల్ అండమాన్ దీవికి 560 కిలోమీటర్లు పడమరగా. మ్యాప్‌లో చూస్తే మన బంగాళాఖాతమే. మిగతావాళ్ళ లెక్కలు వేరే చోట్లు చూపించాయి. కళ్ళతో చూసినవాళ్ళు దొరకలేదు, కాబట్టి దీనికీ ఓ ప్లస్ ఆర్ మైనస్ పెట్టుకోవాలి. అప్పటికి మన ఛానెళ్ళన్నీ యుద్ధంలో ఉన్నాయి. వారం ముందు భయపెట్టినవాళ్ళు, పడ్డాక భయం తీయడానికి రెండు నిమిషాలు కేటాయించినట్టు నేనైతే చూళ్ళేదు.

రాత్రి నేనే అమ్మమ్మకి ఫోన్ చేశాను, ఈసారి నవ్వకుండా. అంతా విని కాసేపు ఊరుకుంది.

"మన దిక్కు సముద్రంలనే పడ్డదా? మరి టీవీల చెప్పలేదేంది బిడ్డా?"